తెర వెనక చేతికి తగిన పిస్టోలు

ముప్పై ఏళ్ళకు పైగా రాజమహేంద్రవరంలో ఒకే తుపాకుల కొట్లో పనిచేశాను. నేను బాగుచేసి ఇచ్చిన ఆయుధాలతో, నాకు తెలిసినంతవరకు, మనిషన్నవాడు ఎవడూ చావలేదు. నాలుగైదు అడవిపందులు, ఒక మొసలి, ఒక బూడిద గుమ్మడికాయ పోయాయి. మొసలి సంగతి అంత ముఖ్యం కాదు. గుమ్మడికాయ సంగతి మాత్రం ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు తెలుసుకోవాలి. ఈ నాలుగు కాగితాలూ అందుకే రాస్తున్నాను.

నా పేరు వీరాచారి. కొలిమి పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి. కొట్లో ఎప్పుడు చేరాను, జీతం ఎన్నిసార్లు పెరిగింది, ఏ దొర ఏమని యోగ్యతాపత్రం రాసిచ్చాడు అనే సంగతులు వదిలేస్తున్నాను. అవి మా ఆవిడే పూర్తిగా ఎప్పుడూ వినలేదు, మీరెందుకు వింటారు? ఆకురాయి ఎలా పట్టాలో, గొట్టం ఎలా తుడవాలో కూడా చెప్పను. అది పని చేస్తుంటే చేతికే వస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్క సంగతి. మగవాడు తన భార్య కోసం పిస్టోలు కొనడానికి వస్తే ఏం చెయ్యాలి? ఇందులో నేను చేసినన్ని పొరపాట్లు ఈ జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరు.

మీసాలను బట్టి బేరం

మా యజమాని పాపయ్య సెట్టి గారు. అంతకుముందు ఆయనది బెల్లం వ్యాపారం. ఓడెక్కి సీమకు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఈ కొట్టు సరుకుతో సహా చవగ్గా వస్తే, బెల్లం లాగే ఇదీ ఒక సరుకే కదా అని తీసుకున్నారు. తీసుకున్నాక తెలిసింది, ఆయనకు తుపాకీ అంటే చచ్చేంత భయమని. పొద్దున్న చెవుల్లో దూది పెట్టుకుని కొట్టు తెరిచేవారు, సాయంత్రం కొట్టు మూశాక తీసేవారు. అందుచేత వచ్చినవాళ్ళు చెప్పింది సగం ఆయనకు వినబడేది కాదు. ఎవరైనా పిస్టోలు చేతిలోకి తీసుకుంటే చాలు, బీరువా వెనక్కి వెళ్ళి అక్కణ్ణించే ధర చెప్పేవారు.

అయినా ఆయన మంచి వ్యాపారి. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, వచ్చినవాడి మీసం ఎంత లావుంటే పిస్టోలు అంత లావుండాలి. ఈ సిద్ధాంతం అమ్మకాలకు బాగానే పనికొచ్చేది. చిక్కల్లా ఏమిటంటే, ఆ పిస్టోలు పట్టుకోవలసిన మనిషికి మీసాలు ఉండవు.

మా ఊళ్ళో ఒక ప్లీడరు గారు ఉండేవారు. ఆయన మీసాలు కోర్టులో ఆయన కన్నా ముందు ప్రవేశించేవి. భార్యకు రక్షణ అని చెప్పి మా కొట్లో ఉన్నవాటిలోకెల్లా బరువైన రివాల్వరు పట్టుకెళ్ళారు. నాలుగు నెలల తరువాత తుడిచి ఇమ్మని తెచ్చారు. విప్పి చూస్తే లోపలంతా ఎర్రగా, జిడ్డుగా ఉంది.

"ఇదేంటండీ, ఆవపిండి వాసనేస్తోంది?" అన్నాను.

"మా ఆవిడ ఆవకాయ జాడీ మూత మీద పెడుతోందోయ్. రాయి కన్నా బాగా కూర్చుందంటోంది," అన్నారాయన, కోర్టులో వాయిదా అడిగినంత చిన్నగా.

ఆవిణ్ణి నేను తప్పుపట్టను. రెండు చేతులతో ఎత్తితే గానీ లేవని వస్తువును ఇల్లాలు దేనికి వాడుతుంది? తగిన పనికే వాడింది.

ఇందులోంచి నేను నేర్చుకున్నది మూడు ముక్కల్లో చెప్పేస్తాను. చెయ్యి చాచి పట్టుకుని నూరు లెక్కపెట్టేదాకా వణక్కుండా నిలపగలిగిన బరువే ఉండాలి. పిడి పట్టుకుంటే చూపుడువేలు మొదటి గణుపు సాగదీయకుండా మీట మీదికి రావాలి. మీట నొక్కడానికి పళ్ళు బిగించవలసిన అవసరం రాకూడదు. పిడి మీద దంతం పని, నెమలి బొమ్మ, వెండి రేకు అన్నీ మొగుడి సరదాకి. అవి కావాలంటే వెయ్యండి, గురికి వాటితో పనిలేదు.

ఇదంతా చెప్పడం తేలిక. పట్టుకోవలసిన చెయ్యి కొట్లోకి రాకపోతే ఎలా చూస్తారు?

గాజుల మల్లయ్య దగ్గర చదువు

కాలవల శాఖ దొర భార్య ఒకావిడ స్వయంగా వచ్చి, ఐదు పిస్టోళ్ళు పట్టిచూసి, ఐదూ బాగాలేవని చెప్పి వెళ్ళిపోయింది. అలాంటి కొనుగోలుదారును నేను మళ్ళీ చూడలేదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు తుపాకుల కొట్టుకు రారు. మొగుణ్ణే అడగాలి.

"మీ ఆవిడ గారి చెయ్యి ఎంతుంటుందండీ?" అని అడిగితే మొగుడు తన చెయ్యి చూసుకుంటాడు. ఇంత అంటాడు. కాదు, ఇంతకన్నా కొంచెం తక్కువ అంటాడు. ఆఖరికి "మామూలుగానే ఉంటుందండి" అంటాడు. తణుకు నుంచి వచ్చిన ఒకాయన మాత్రం తడుముకోకుండా "గట్టి చెయ్యేనండి" అన్నాడు. అని, ఎందుకో వీపు సవరించుకున్నాడు.

అప్పుడు నాకు గాజుల మల్లయ్య గుర్తుకొచ్చాడు. కోటిలింగాల రేవు నుంచి ఇన్నీసుపేట దాకా అతను గాజులు తొడగని చెయ్యి లేదు. ఫలానా వారి ఇల్లాలు అంటే చాలు, కళ్ళు మూసుకుని గాలిలో వేళ్ళు కదిపి చెప్పేవాడు. "అరచెయ్యి వెడల్పు, వేళ్ళు పొట్టి, బొటనవేలి కింద ఎముక మెతక." మొగుళ్ళు ఏళ్ళ తరబడి కాపరం చేసి చెప్పలేనిది మల్లయ్య ఏడాదికి రెండుసార్లు చూసి చెప్పేవాడు.

అతని దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. మన గాజులు మన చేతికి వదులుగా ఉండి, చెయ్యి కదిపితే గలగలమంటాయి. ఒకరి గాజులు తెచ్చి ఇంకొక లావుపాటి చేతికి నూనె రాసి ఎక్కించామంటే, అవి ఎక్కిన చోటే బిగుసుకుని కూర్చుంటాయి. చప్పుడు చెయ్యవు. "గాజు నోరు మూసుకుందంటే అది సొంతం కాదు, ఆచారీ," అనేవాడు. ఈ ముక్క నాకు బాగా తెలుసు. తెలిసి కూడా నేను చేసిన నిర్వాకం ఇక చెబుతాను.

నరసింహరాజు గారి ఇంట్లో

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో నరసింహరాజు గారు మా కొట్టుకు వచ్చారు. పాలకొల్లు దగ్గర ఊరు. రాజమహేంద్రవరం కోర్టులో ఏదో కొబ్బరితోట వ్యాజ్యం ఉండి నెలకు పది రోజులు ఇక్కడే ఉండేవారు. మీసాలు చెవుల దాకా ఉండేవి గానీ మనిషి వెన్న. రాజుల మర్యాద మీకు తెలిసిందే. ఆయన కుక్కని కూడా "అవతలికి వెళ్ళండి" అనే రకం.

"మా పక్క ఊళ్ళో పట్టపగలు దొంగలు పడ్డారండి," అన్నారు. "మగవాళ్ళంతా కోతలకెళ్ళిన వేళ వచ్చేసేరండి. మా ఇంట్లో నేను లేనప్పుడు మా ఆవిడా, ఒక పనిమనిషీ తప్ప ఎవరూ ఉండరండి. కాపలావాడున్నాడు గానండి, ఆయనకి చెవుడండి. లైసెన్సు నా పేరునా, మా ఆవిడ పేరునా తీసుకున్నానండి. మంచిదొకటి ఇప్పించండి."

సెట్టిగారు మీసాలు చూశారు. బీరువా వెనక నుంచి పెద్ద రివాల్వరు ధర చెప్పారు. నాకు ఆవకాయ జాడీ కళ్ళముందు కనబడింది. యజమాని మాటకు అడ్డుపడ్డాను.

"రాజుగారూ, చెయ్యి చూడకుండా ఇవ్వడం మంచిది కాదండి. పాలకొల్లు వైపు మా మల్లయ్య రాడండి. మీరు ఒప్పుకుంటే నేనే వచ్చి కొలత తీసుకుంటానండి."

రాజుగారు ఆలోచనలో పడ్డారు. వాళ్ళది ఘోషా ఇల్లు. ఆడవాళ్ళు పరాయి మగవాడి కంటపడరు, గొంతు కూడా వినిపించరు. చివరికి ఒక దారి చెప్పారు. వీధి గదిలో తెర కడతారు. తెర చీలికలోంచి ఆవిడ చెయ్యి మాత్రం బయటికి వస్తుంది. ఆయన పక్కనే కూర్చుంటారు.

టేకుతో నాలుగు సైజుల చెక్క పిస్టోళ్ళు చెక్కి, తువ్వాల్లో చుట్టుకుని విజ్జేశ్వరం రేవులో కాలవ పడవ ఎక్కాను. అవేమిటని పడవలో అందరూ అడిగారు. బొమ్మలన్నాను. నా వయసు చూసి జాలిపడ్డారు.

వీధి గదిలో మందపాటి ఎర్ర తెర. రాజుగారు కుర్చీలో, నేను పీట మీద. కాసేపటికి తెర చీలిక కదిలి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా గాజులు, రెండు ఉంగరాలు. దారంతో బొటనవేలి మొదలు నుంచి చూపుడువేలి కొస దాకా కొలిచాను. చెక్క పిస్టోళ్ళు ఒక్కొక్కటే పట్టించాను. మూడోది పట్టుకోగానే ఆ చెయ్యి అలా నిలిచిపోయింది. నేను నూరు లెక్కపెట్టాను. రెండువందలు లెక్కపెట్టాను. చెయ్యి కదల్లేదు. ఈ వృత్తిలో అంత నిలకడ ఉన్న చెయ్యి నేను చూడలేదు.

ఇప్పుడు నా తెలివి చూడండి. ఆ అరచేతికి అడ్డంగా తాడు లాగిన కాయ ఉంది. చూశాను. వేళ్ళ కణుపుల మీద నూనె మెరుస్తోంది. చూశాను. ఆ గది అంతా పచ్చి చేపల వాసన. పీల్చాను. అన్నిటికన్నా ముఖ్యంగా, అన్ని గాజులున్న చెయ్యి అటూ ఇటూ తిరుగుతున్నా ఒక్క గాజు కూడా చప్పుడు చెయ్యలేదు. మల్లయ్య చెప్పిన పాఠం నా చెవి పక్కనే ఉంది. నేను మాత్రం 'ఎంత చక్కటి చెయ్యి' అనుకుంటూ దారానికి ముడి వేసుకున్నాను.

రాజుగారి సంగతి అంతకన్నా ఘనం. పదిహేనేళ్ళ కాపరం. తెర బయట చెయ్యి కనబడగానే మురిసిపోయి, "మా ఆవిడ గాజులండి, మచిలీపట్నంలో చేయించేనండి," అన్నారు.

ఆ కొలతకు సరిగ్గా ఒక చిన్న రివాల్వరు తీసి, పిడి చెక్క మార్చి, మీట తేలిక చేసి పట్టుకెళ్ళాను. పెరట్లో గుంజ మీద పగిలిన కుండ పెట్టారు. తెరలోంచి గొట్టం మాత్రం బయటికి వచ్చింది. నేను వరండాలో నిలబడి తెరకి పాఠం చెప్పాను. మొదటి తూటాకి కుండ మూతి పోయింది. రెండోదానికి కుండే పోయింది. నరసింహరాజు గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"మా ఆవిడండి," అన్నారు నాతో. ఆ వారమంతా పాలకొల్లు సంతలో కనబడిన ప్రతివాడితోనూ ఆ మాటే అన్నారని తరువాత తెలిసింది.

మజ్జిగ అడగని బంట్రోతులు

నాలుగు నెలలు గడిచాయి. రాజుగారు కోర్టు పని మీద మా ఊళ్ళో ఉండగా, ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆయన ఇంటికి ముగ్గురు మనుషులు వచ్చారు. భుజాన డవాలు పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ. కచేరీ బంట్రోతులమని చెప్పుకున్నారు.

"ఆయుధాల తనిఖీ. ఇంట్లో ఉన్న పిస్టోలు తెచ్చి చూపించాలి," అన్నాడు వాళ్ళలో పెద్ద.

ఎంత తెలివైన ఉపాయమో చూడండి. పిస్టోలు ఉన్న ఇంట్లో దొంగతనం కష్టం. కనుక ముందు పిస్టోలు అడిగి పుచ్చుకుందామనుకున్నారు. అది ఆ ఇంట్లో ఉందని సంతంతా తెలుసు కదా.

వాళ్ళతో మాట్లాడింది పనిమనిషి నూకాలు. నరసాపురం వైపు చేపలు పట్టే వాళ్ళ అమ్మాయి. చిన్నప్పటి నుంచి వలతాళ్ళు లాగి, పెళ్ళయ్యాక చేపల గంప మోసి, మొగుడు పోయాక రాజుగారి ఇంట్లో చేరింది. "ఉండండి, అమ్మగారినడిగి తెస్తాను," అని లోపలికి వెళ్ళింది. రాజుగారి భార్య సుభద్రయమ్మ గారు ఇచ్చేసి పంపెయ్యమని సైగ చేశారు.

"బంట్రోతులు కాదండమ్మగారూ," అంది నూకాలు. "ఎండన పడొచ్చేరు, మజ్జిగడగలేదు. అరుగెక్కేరు, కొబ్బరిబొండం అడగలేదు. పనయ్యేక ఏమిస్తారని కూడా అడగలేదు. కచేరీ మనుషులు ఇలాగుంటారేంటండీ?"

గుమ్మం తెర దగ్గరికి వచ్చి, "మీ హుకుం కాగితం ముందు చూపించండి, అప్పుడు ఇస్తాం," అంది. పెద్దవాడు కాగితం బదులు మొలలోంచి కత్తి తీశాడు. తెర పక్కకు లాగబోయాడు. తెరలోంచి గొట్టం బయటికి వచ్చింది. పెద్ద చప్పుడయింది.

గుమ్మం పైన దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ తాడు తెగి వాడి నెత్తిన పడి పగిలింది. వాడు తల తడుముకున్నాడు. చేతికి చల్లగా, మెత్తగా, గింజలతో సహా ఏదో తగిలింది. తన మెదడే అనుకుని గుమ్మంలో పడుకుని దేవుళ్ళందరికీ మొక్కుకోవడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ పారిపోయి కాలవలో దూకారు. పడవవాళ్ళు పైకి లాగి, తడిసిన డవాళ్ళతోనే కట్టేశారు. చెవిటి కాపలావాడు అప్పుడు లేచి, గుమ్మడికాయ ఎవరు కొట్టారని కోప్పడ్డాడట.

"ఈ చెయ్యేనండి"

కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ణి కాదు. ఆ గుమ్మడికాయ దొంగ జైలుకి పాతవాడు, చట్టం తెలిసినవాడు. తాసిల్దారు గారి ముందు నిలబడి, "నా మీద కాల్చింది ఇంటావిడ కాదండి, పనిమనిషండి. దానికి లైసెన్సు లేదండి," అన్నాడు.

లైసెన్సు లేని మనిషి పిస్టోలు పేల్చడం నేరం. ఆ మాట రుజువైతే నూకాలు జైలుకు పోతుంది. రాజుగారి లైసెన్సు పోతుంది. నన్ను సాక్షిగా రమ్మని కాగితం వచ్చింది. సెట్టిగారు చెవుల్లో దూది తీసి మరీ చదివించుకున్నారు. "నువ్వేం చెప్పినా ఫరవాలేదు గానీ ఆచారీ, కొట్టు పేరు మాత్రం ఎత్తకు," అన్నారు.

దొంగ అబద్ధమాడుతున్నాడనే అనుకుంటూ పాలకొల్లు దాకా వెళ్ళాను. రేవులో ఒక ఆడమనిషి నా సంచీ అందుకుంది. తాడు లాగిన కాయ ఉన్న అరచెయ్యి. చూపుడువేలు కొలత నాకు కంఠతా వచ్చు. నా కాళ్ళు పడవలోనే ఉండిపోయాయి.

"ఆ చెయ్యి నీదా?" అన్నాను.

"నాదేనండి ఆచారిగారూ," అంది నూకాలు. "అమ్మగారు పరాయి మగాడి ముందు చెయ్యి పెట్టలేనని ఏడిస్తే, నేను పెట్టేనండి. గాజులు నూనె రాసి తొడిగేరండి. తియ్యడానికి రెండ్రోజులు పట్టిందండి." నేల చూస్తూ అంది. "మా అమ్మాయికి నెలలు నిండేయండి. తొలి కాన్పు. నన్ను జైల్లో పెడితే దానికి పురుడెవరు పోస్తారండి?"

ప్రమాణం చేసి అబద్ధమాడటం నాకు చేతకాదు. నిజం చెబితే ఈ మనిషి జైలుకు పోతుంది. దానికి కారణం నేను. చూసినవాణ్ణి, పీల్చినవాణ్ణి, ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆ పూట నేను పడ్డ బాధ నా శత్రువుకు కూడా వద్దు.

అదే వీధి గది, అదే ఎర్ర తెర. తాసిల్దారు గారు కుర్చీలో కూర్చున్నారు. సన్నగా, ఎప్పుడూ నిద్రమత్తులో ఉన్నట్టు కనబడే మనిషి. దొంగ గోడ వారన నిలబడ్డాడు. తలలో ఇంకా ఒక గింజ ఉంది.

"పిస్టోలు పేల్చిన చెయ్యి బయట పెట్టమనండి," అన్నారు తాసిల్దారు గారు.

తెర కదిలింది. నూనె రాసిన చెయ్యి వచ్చింది. గాజులు నోరు మూసుకుని ఉన్నాయి. గది నిండా చేపల వాసన.

"ఆచారీ, నువ్వు పిస్టోలు అమర్చింది ఈ చేతికేనా?"

నేను దారం తీశాను. అందరూ చూస్తుండగా కొలిచాను. ముడి సరిగ్గా ముడి మీద పడింది.

"ఈ చెయ్యేనండి," అన్నాను. నా జన్మలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

"అది పనిమనిషి చెయ్యండి," అని దొంగ అరిచాడు.

"అయితే ఇంటావిడ చెయ్యి నువ్వెప్పుడు చూశావు?" అన్నారు తాసిల్దారు గారు. దొంగ రాజుగారి మీసాలు చూశాడు. వాకిట్లో నిలబడ్డ ఆయన అన్నదమ్ములను చూశాడు. జైలే నయమనిపించిందేమో, నోరు మూసుకున్నాడు.

తాసిల్దారు గారు రాజుగారి వైపు తిరిగారు. రాజుగారు అబద్ధమాడరు.

"రాజుగారూ, మీరేమంటారు?"

నరసింహరాజు గారు ముందుకు వంగి ఆ చేతిని శ్రద్ధగా, నిజాయితీగా చూశారు. "గాజులు మావేనండి," అన్నారు.

తాసిల్దారు గారు ఆ మాట అలాగే రాసుకున్నారు. లైసెన్సు కాగితం తెప్పించుకుని చూసి, "ఇక్కడ ఆయుధం పట్టదగిన నౌకర్ల పేర్లు రాసే గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి చూస్తే నాకు చిరాకు. రేపు అర్జీతో పంపండి," అన్నారు. లేస్తూ గాలి పీల్చి, "ఇవాళ మీ ఇంట్లో చేపల పులుసులా ఉంది," అన్నారు. ఆయనకు అంతా తెలుసని నాకు అప్పుడు తెలిసింది. నాకు పైవాళ్ళు చాలామంది తగిలారు గానీ, నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టింది ఆయనకొక్కరికే.

అడగవలసిన మాట

రెండు నెలలకు రాజుగారు మళ్ళీ కొట్టుకు వచ్చారు. "మా ఆవిడ ఇంకొకటి కావాలంటోందండి," అన్నారు. సెట్టిగారు మీసాల వంక చూడబోయారు. నేను అప్పటికే దారం, చెక్క పిస్టోళ్ళు సర్దుకుంటున్నాను.

ఈసారి నూకాలు తెర బయటే కూర్చుని ఉంది. లైసెన్సులో పేరు ఎక్కిన మనిషి కదా, గోడకు ఆనుకుని దర్జాగా కూర్చుంది. కూతురికి మగపిల్లాడు పుట్టాడని, తనే పురుడు పోశానని చెప్పింది. వెంటనే నా మీద పడింది.

"అంత కొలతలు కొలిచేరు గదండీ. నేను ఆడి కాలికి గురిపెడితే పైనున్న గుమ్మడికాయ తాడుకి తగిలిందేంటండీ?"

నేను సిగ్గుతో తలొంచుకున్నాను. మీట మరీ తేలిక చేశాను. గురి పెడుతూ పైకెత్తేలోపే పేలి ఉంటుందనుకుంటే గొట్టం కిందనే ఉండాలి. ఎలా చూసినా లెక్క కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు.

అప్పుడు తెర కదిలింది. ఒక చెయ్యి బయటికి వచ్చింది. సన్నటి చెయ్యి, పొడుగు వేళ్ళు. అవే గాజులు, ఈసారి ఒకటే గలగల. చెయ్యి అంతగా వణుకుతోంది. నేను దారం పట్టుకోలేదు. మొదటిసారి అడగవలసిన మాట ఇప్పుడు అడిగాను.

"తల్లీ, ఇది ఎవరి చెయ్యండి?"

"మా ఆవిడదే..." అనబోయి రాజుగారు ఆగిపోయారు. ఆయనకీ అనుమానం వచ్చింది.

తెర వెనక నుంచి, ఆ ఇంట్లో పరాయి మగవాడెవడూ విని ఉండని గొంతు చిన్నగా వినిపించింది.

"నాదేనండి. ఆ రోజు నూకాలు ఒక్కత్తే గుమ్మంలోకి వెళ్ళింది. నేను మంచం కింద దూరేను. ఇంకోసారి దాన్ని ఒక్కత్తినీ పంపనండి."

నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నేను కొలవడం మొదలుపెట్టాను. చేతి వణుకుకి దారం రెండుసార్లు జారిపోయింది. కావాలంటే మూడోసారి కొలవండి అన్నట్టు ఆ చెయ్యి అక్కడే ఉంది, లోపలికి పోలేదు. రాజుగారు కుర్చీ ముందుకు జరుపుకుని, గాజులు వదిలేసి, ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నారు.